పెండ్లాం గుర్తు మంద

మర్రిగూడ వైపు పోయి బీరన్న ఇల్లు ఎక్కడని అడిగితే, ఏ బీరన్న అని ఎదురు ప్రశ్న వేస్తారు. గొర్రెలు కాసే కురుమల్లో బీరన్నలకు కొదవ లేదు, కులదేవుడి పేరు పెట్టుకోని ఇల్లు ఉండదు. "పెండ్లాం గుర్తు మంద బీరన్న" అన్నామంటే చాలు, నవ్వుతూ దారి చూపిస్తారు. ఆ నవ్వులో ఒకప్పుడు వెటకారం ఉండేది. ఇప్పుడు లేదు. అది ఎట్లా పోయిందో మా ఊరివాణ్ణి కాబట్టి నాకు తెలుసు.

బీరన్న పుట్టింది మా దగ్గర కాదు, దేవరకొండ గుట్ట కింద ఒక చిన్న గూడెంలో. తండ్రి అంజన్న. గొర్రెల పెంపకంలో అంజన్నను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు, ఆ మాట ఒప్పుకోవాలి. గొర్రె దగ్గితే చాలు, రోగం పేరు చెప్పేవాడు. కానీ కల్లు కడుపులో పడితే మనిషి మనిషి కాదు. పడనప్పుడు కూడా పెద్దగా మనిషి కాదని బీరన్న అంటాడు. పిల్లవాడికి నాలుగేళ్ళప్పుడు తల్లి చనిపోయింది. జ్వరమని గూడెం అన్నది. జ్వరానికి ముందు ఆ ఇంట్లో ఏం జరిగిందో గూడెం అడగలేదు.

ఆ తరువాత ఇంట్లో దెబ్బలు తినడానికి మిగిలింది కొడుకొక్కడే. పొద్దుగూకి మంద దొడ్డికి చేరగానే మొదలయ్యేది. పిల్ల కుంటుతున్నదనో, పొట్టేలు వెనకబడ్డదనో ఒక కారణం ఉండేది. కారణం దొరకని రోజు కూడా దెబ్బలు మాత్రం దొరికేవి. పక్కింటివాళ్ళు వినేవారు, విని సామెత చెప్పేవారు. మొక్కై వంగనిది మానై వంగునా అని ఒకరు, దెబ్బకు దయ్యమైనా దిగుతుందని ఒకరు. సామెతలు చెప్పేవాళ్ళ వీపు మీద దెబ్బ పడదు కదా, ఎన్నైనా చెబుతారు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, బీరన్నకు పదేళ్ళప్పుడు, మంచి పొట్టేలొకటి వాగు బురదలో దిగబడి చచ్చిపోయింది. అంజన్న కర్రతో కొడితే కొడుకు ఎడమ చెయ్యి మోచేతి కింద విరిగింది. కట్టు కట్టించలేదు. విరిగిన చేతితోనే తెల్లారి మందను తోలుకుపొమ్మన్నాడు. పిల్లవాడు తోలుకుపోయాడు. సాయంత్రం మందను ఇంటి దారి పట్టించి, తాను ఇంకో దారి పట్టాడు. గొర్రెలు తిన్నగా ఇల్లు చేరాయి. వాటికి ఇల్లుంది.

ఎవరు పెట్టింది తిన్నాడో, ఎక్కడ పడుకున్నాడో బీరన్నకే సరిగా గుర్తు లేదు. మా ఊరి గుర్వమ్మ ఒక పొద్దున దొడ్డి తడక తీస్తే, గొర్రెల మధ్య ముడుచుకుని ఒక పిల్లవాడు కనిపించాడు. గుర్వమ్మ మొగుడు పోయిన మనిషి, పిల్లలు లేరు, ముప్పై గొర్రెల మంద, నోరు మాత్రం మూడు వందల గొర్రెలను అదిలించేంత.

"ఎవల పిలగానివిరా నువ్వు?"

పిల్లవాడు ఇంకా దగ్గరికి ముడుచుకున్నాడు.

"మూగోనివా?"

"కాదు."

"కాకుంటే లే. ముందుగాల అంబలి తాగు. తర్వాత అన్ని ముచ్చట్లు."

ఎముకలు కట్టే మనిషి దగ్గరికి తీసుకుపోయి కట్టు కట్టించింది. అప్పటికే ఆలస్యమైంది కాబట్టి చెయ్యి కొంచెం వంకరగానే అతుక్కుంది. చెయ్యి అతికినంత తొందరగా మనిషి అతకలేదు. గోడకు వీపు ఆనిస్తే తప్ప తినేవాడు కాదు. గుర్వమ్మ చూరులోని కొడవలి తీయడానికి చెయ్యి ఎత్తితే, వాడు రెండు చేతులూ తల మీద పెట్టుకుని కింద కూర్చునేవాడు. మొదటిసారి ఆమెకు నవ్వొచ్చింది. రెండోసారి బయటికి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఈ సంగతి మా అమ్మకు ఆమె తానే చెప్పింది.

బెదిరిన గొర్రె దగ్గరికి ఎదురుగా పోకూడదు. పక్క నుంచి పోవాలి, మాట ముందు పోవాలి, మనిషి వెనక పోవాలి. గుర్వమ్మకు తెలిసిన వైద్యం అదొక్కటే, పిల్లవాడికీ అదే చేసింది. ఏడాది పట్టిందో, రెండేళ్ళు పట్టిందో. ఒక రోజు తలకు నూనె రాస్తుంటే ఆమె మోకాలి మీద తల పెట్టి నిద్రపోయాడు. నూనె చెయ్యి తుడుచుకోవడానికి కూడా లేవకుండా ఆ రోజంతా అట్లాగే కూర్చున్నానని గుర్వమ్మ చెప్పుకునేది. ఆమె చెప్పే వాటిలో సగం తీసేసినా, పూట అయినా కూర్చునే ఉంటుంది.

ఆమె వాడికి ఇంకొకటి నేర్పింది. తల్లి చచ్చిన పిల్లను ఏ గొర్రే దగ్గరికి రానివ్వదు, తలతో కుమ్మి తోసేస్తుంది. పిల్ల చచ్చిన తల్లి ఒకటుంటే, ఆ చచ్చిన పిల్ల తోలును ఈ అనాథ పిల్ల వీపున కట్టి, మీద ఇంత ఉప్పు రాసి వదలాలి. ఉప్పు కోసం నాకుతుంది, వాసన చూసి నాదేననుకుంటుంది. రెండు మూడు రోజులకు తోలు తీసేసినా ఇక తోయదు. అందరు కాపరులకూ ఈ పని తెలుసు, కానీ ఓపిక ఉండదు. బీరన్నకు ఉండేది. మొదటిసారి ఒక తల్లిగొర్రె పరాయి పిల్లను కాళ్ళ మధ్యకు లాక్కుని నాకుతుంటే చూసి వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. మా ఊరికి వచ్చాక వాడు ఏడవడం అదే మొదలు.

ఎండాకాలం వస్తే మా వైపు గడ్డి పోచ ఉండదు. మందలన్నీ డిండి దాటి కృష్ణ ఒడ్డుకు, నల్లమల అంచుకు వలసపోతాయి. దారిలో ఈనిన పిల్లల్లో నడవలేనివి ఉంటాయి. గొంగడిలో వేసుకుని మోసినన్ని మోస్తారు, మిగిలినవాటిని దారిలోనే వదిలేస్తారు. బీరన్న మందల వెనకాల నడిచి ఆ పిల్లల్ని ఏరుకునేవాడు. "తీస్కపో, ఎట్లన్న సచ్చేటియే" అనేవాళ్ళు. వాటిలో సగం చచ్చేవి. మిగిలిన సగం బతికేవి, మళ్ళీ ఈనేవి. ఇరవై ఏళ్ళు నిండకముందే వాడి మంద గుర్వమ్మ మందకు రెండింతలైంది. అవన్నీ ఇతరులు వదిలేసిన పిల్లలే.

ఇక పెళ్ళి మాట. గుర్వమ్మ సంబంధం తెచ్చినప్పుడల్లా బీరన్న మంద వెంట పారిపోయేవాడు. చివరికి ఒక రోజు ఆమె గొంగడి పట్టుకుని గుంజి కూర్చోబెట్టింది.

"పెండ్లి ఎందుకొద్దురా నీకు? చెయ్యి వంకరనా? నువ్వేమన్న మగ్గం నేస్తవా?"

"చెయ్యి వంకరని కాదే అవ్వా. ఆ చెయ్యి మా నాయిన చెయ్యే. ఆవు చేన్ల మేస్తే దూడ గట్టున మేస్తదా?"

ఊరికే అన్న మాట కాదది. పదిహేడేళ్ళప్పుడు మా ఊరి కుక్కొకటి గొర్రెపిల్లను కరిస్తే, కర్ర విరిగేదాకా కొట్టాడు. కుక్క అరుపు ఆగినా వాడి చెయ్యి ఆగలేదు, గుర్వమ్మ మీద పడి ఆపాల్సి వచ్చింది. చేతిలో మిగిలిన కర్ర ముక్కను అక్కడే పడేశాడు. ఆ రోజు నుంచి కర్ర ముట్టలేదు. కర్ర లేని గొల్లకురుమను ఎవరైనా చూశారా? మేము చూశాం. నోటితో పిలిచి, చప్పరించి, ఈల వేసి మందను మళ్ళించేవాడు. అందరూ నవ్వారు. కానీ ఆ మంద ఎవరి చెలకలో పెడితే ఆ చెలకలో రాయిలాగా కదలకుండా పడుకునేది. ఎరువు కోసం మంద పెట్టించుకునే రైతులు వాడి కోసం పోటీలు పడేవారు, మా నాయనతో సహా. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అనలేదు.

గుర్వమ్మ పట్టు వదిలే మనిషి కాదు. పక్క ఊరి గోపమ్మను చూసింది. బీరన్న తిన్నగా గోపమ్మ దగ్గరికే పోయి, తన తండ్రి సంగతి, కుక్క సంగతి దాచకుండా చెప్పాడట. గోపమ్మ అంతా విని, "నువ్వు కొడితే నేనేమన్న గాజులు సవరించుకుంట కూసుంటనా?" అన్నదట. బీరన్న నవ్వలేదు. "నవ్వులాట కాదు. నాకు ఒక కట్టుబాటు గావాలె" అన్నాడట.

ఆ కట్టుబాటు ఏమిటో తెలియాలంటే చెవి గుర్తు సంగతి తెలియాలి. కురుమల్లో ఇంటింటికీ ఒక గుర్తు ఉంటుంది. ఒకరిది కుడి చెవి కొస కోత, ఒకరిది ఎడమ చెవికి చీలిక, ఇంకొకరిది అంచున గాటు. ఎన్ని మందలు కలిసిపోయినా చెవి చూసి ఎవరి గొర్రెను వాళ్ళు లాక్కుంటారు. తండ్రి గుర్తు కొడుక్కు వస్తుంది. అంజన్న గుర్తు తన మందకు పెట్టడానికి బీరన్నకు మనసు ఒప్పలేదు, అందుకని అప్పటిదాకా చెవులు కొయ్యనే లేదు. పెళ్ళి ఖాయం చేసుకునే రోజు కులమంతా కూర్చుని ఉండగా లేచి నిలబడ్డాడు.

"నా మందకు గోపమ్మ పుట్టినింటి గుర్తు పెడ్త."

కులపెద్ద తమలపాకు నమలడం ఆపాడు. "ఇల్లరికం పోతున్నవా ఏందిరా?"

"లే. ఆమెనే నా ఇంటికొస్తది. గొర్లు మాత్రం ఆమెయి."

"గొర్లు ఆమెయైతే నువ్వేంది మరి?"

"కాపరిని."

అందరూ పగలబడి నవ్వారు. బీరన్న నవ్వులు అయిపోయేదాకా ఆగి అన్నాడు. "నేను ఆమె మీద గాని, పుట్టబోయే పిల్లల మీద గాని చెయ్యి లేపితే, ఆమె మందను తోల్కొని పోవాలె. ఎవ్వలు అడ్డం రావొద్దు. గా మాట కులం ముంగట ఖాయం జెయ్యిండ్రి."

"కొడితేనా, లేపితేనా?" అన్నాడు కులపెద్ద.

"లేపితే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కొందరు మగవాళ్ళు నేల చూశారు, వెనక నిలబడ్డ ఆడవాళ్ళు వాళ్ళ వైపు చూశారు. కులపెద్ద గొంతు సవరించుకుని, మాట ఖాయమన్నాడు. గొర్రెలన్నిటికీ ఎడమ చెవిన చీలిక పడింది, పెండ్లాం గుర్తు మంద అని పేరు పడింది. మందలు ఎదురైనప్పుడల్లా పోరగాళ్ళు "బీరన్నా, నీ చెవి గూడ చీల్చిందా వదినె?" అని ఆటపట్టించేవారు.

పదేళ్ళు గడిచాయి. మంద నూట యాభై దాటింది. గూనపెంకల ఇల్లు లేచింది, నాలుగెకరాల సొంత చెలక వచ్చింది. ఆ చెలక పత్రం చేతికొచ్చిన రోజు గుర్వమ్మ మన్ను చేతిలోకి తీసుకుని కళ్ళకద్దుకుంది. ఆమె పోయినప్పుడు కొడుకు చేయాల్సినవన్నీ బీరన్నే చేశాడు. ఒక్కతే కూతురు, బక్కమ్మ. పేరుకే బక్క, ఎత్తుకుంటే నడుము పట్టేసేది. ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా అరిచేవారు కాదు, గోపమ్మ తప్ప. ఆమె అరుపు కూడా ఎక్కువగా కోళ్ళ మీదే. బీరన్న చెయ్యి ఒక్కసారి కూడా లేవలేదు. ఈ మధ్యలో ఇద్దరు ఆడపిల్లల తండ్రులు తమ బిడ్డల పెళ్ళిలో "మాకూ బీరన్న కట్టుబాటే గావాలె" అని పట్టుబట్టి సాధించారు. అయినా ఒక భయం వాణ్ణి వదల్లేదు. "ఇన్నేండ్లు లేవలేదంటే ఇగ లేవదని గాదు గద" అని నాతో ఒకసారి అన్నాడు.

అట్లాంటి ఇంటికి ఒక రోజు అంజన్న వచ్చాడు. తాగి తాగి ఒళ్ళు ఉబ్బి, గూడెంలో అన్నం పెట్టే దిక్కు లేక వచ్చాడు. బీరన్న దొడ్డి పక్కన కొట్టం వేసి ఉంచాడు. రెండు పూటలా గోపమ్మ అన్నం తీసుకుపోయేది. బక్కమ్మను ఒంటరిగా అటు పోనిచ్చేవాడు కాదు. నాయనను మాఫీ చేసినవా అని నేను అడిగితే, "అన్నం పెడ్తున్న గద. మాఫీ ముచ్చట నన్నడగకు" అన్నాడు. ఆ ముసలాయన మారాడనుకునేరు. చింత చచ్చినా పులుపు చావదు. కొట్టంలో కూర్చునే పోయేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ తిడుతుండేవాడు.

డెబ్బై రెండు కరువు మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వానలు మొహం చాటేశాయి. జొన్న మోకాలెత్తు కూడా రాకుండానే వాడి ముడుచుకుంది. ఆ జొన్న గొర్రెలకు విషం. కురుమ ఇళ్ళలో పిల్లలు నడక నేర్చినప్పటి నుంచే, దాని దిక్కు మందను పోనిస్తే చర్మం ఒలుస్తామని భయపెడుతూ నేర్పుతారు. బీరన్న కూతుర్ని ఎన్నడూ దేనికీ భయపెట్టలేదు. అందుకే ఇదీ చెప్పలేదు. ఎప్పుడూ మంద వెంట తానే ఉంటాడు కదా అనుకున్నాడు. ఒక మధ్యాహ్నం నీళ్ళ కోసం బాయి దాకా పోతూ, మందను జర చూడమని ఎనిమిదేళ్ళ బక్కమ్మతో చెప్పాడు. గొర్రెలు ఆకలితో అరుస్తూ ఆ పిల్ల చుట్టూ మూగాయి. పక్క చెలకలో ఇంత పచ్చగా కనిపిస్తుంటే పాపం తినొద్దా అనుకుంది. తానే చెలకకు అడ్డం పెట్టిన ముళ్ళకంప పక్కకు లాగి మందను లోపలికి వదిలింది.

బీరన్న వచ్చేసరికి గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటున్నాయి. నోట్లో నురగ, బిగుసుకుపోయిన కాళ్ళు. కేకలకు ఊరంతా కదిలింది. బెల్లం నీళ్ళు, మజ్జిగ, ఎవరింట్లో ఏముంటే అది పట్టుకుని పరుగెత్తాం. మా ఇంటి మజ్జిగ కుండ నేనే మోశాను. గొంతులో పోస్తుంటే కొన్ని లేచాయి, చాలా లేవలేదు. పొద్దు వాలేసరికి మందలో మూడో వంతు నేల మీద ఉంది. దారిలో ఏరుకుని, తోలు కట్టి, ఉప్పు రాసి బతికించిన మొదటి గొర్రెల బిడ్డలూ మనవరాళ్ళూ అవి.

అప్పుడు బక్కమ్మ వచ్చి తండ్రి ముందు నిలబడింది. "నాయినా, నేనే కంప తీసిన. ఆకలైతుందని."

కొట్టంలోంచి కాళ్ళీడ్చుకుంటూ వచ్చిన అంజన్న గుంపులోంచి అన్నాడు. "ఇంకేం జూస్తవురా? ఒక్కటెయ్యి. గింత కొంప ముంచినంక గూడ జూస్తవేంది?"

బీరన్న కళ్ళు ఎర్రబడ్డాయి. ఆ ముఖం నేను ఎన్నడూ చూడలేదు. ఆ వంకర చెయ్యి లేచింది. భుజం దాటి, తల దాటి పైకి లేచింది. గోపమ్మ దూరంగా గొర్రె తల ఒళ్ళో పెట్టుకుని ఉంది, అక్కడి నుంచే చూసింది. కులపెద్ద చూశాడు. అందరం చూశాం.

బక్కమ్మ తల దాచుకోలేదు. ఒక అడుగు వెనక్కి వేయలేదు. ఆ చెయ్యి చూపించే వైపు తల ఎత్తి, కళ్ళకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూసింది.

చెయ్యి అట్లాగే ఆగిపోయింది. తరువాత మెల్లగా దిగింది. బీరన్న నేల మీద కూలబడ్డాడు. పెళ్ళాం వైపు తిరిగి అన్నాడు. "లేపిన. అందరు జూసిండ్రు. మందను తోల్కపో గోపమ్మా."

కులపెద్ద గోపమ్మ వైపు చూశాడు. మాట కులం ముందు ఖాయమైన మాట. గోపమ్మ గొర్రె తలను నేల మీద పెట్టి, లేచి వచ్చింది. మొగుణ్ణి అడగలేదు, పెద్దను అడగలేదు. కూతురి ముందు వంగి అడిగింది.

"మీ నాయిన ఏం జేసిండే?"

"ఏందో సూపిచ్చిండు. నాకు కనవడలే."

గోపమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. తరువాత కులపెద్దతో అన్నది. "పిల్ల చెప్పింది ఇన్నరు గద. మంద ఈడనే ఉంటది."

కులపెద్ద తలపాగా తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. అంజన్న మాత్రం మనవరాలి ముఖమే చూస్తూ ఉండిపోయాడు. పెద్దవాళ్ళ చెయ్యి లేస్తే పైకి చూసే పిల్లను ఆయన జన్మలో చూసి ఉండడు. ఆ తరువాత ఎవరినీ తిట్టకుండా కొట్టంలోకి పోయాడు.

బీరన్న అన్ని చచ్చిన గొర్రెల మధ్య కూర్చుని ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వాడు. మతి తప్పిందేమోనని మేము దగ్గరికి పోయాం. వాడు మా చేతులు పట్టుకుని, "పిలగండ్లకు భయమనేది పుట్టుకతోనే వస్తదనుకున్ననే. రాదంట, సూసిండ్రా" అన్నాడు.

"మరి ఏం సూపిచ్చినవ్ నాయినా?" బక్కమ్మ ఇంకా ఆకాశం వైపే చూస్తున్నది.

బీరన్న లేచి, కూతుర్ని భుజం మీదికి ఎత్తుకున్నాడు. ఆ వంకర చేతినే చాపి వాడిపోయిన జొన్న వైపు చూపించాడు. "అగో, గదే బిడ్డా. మోకాలెత్తు గూడ రాకుంట వాడి ముడుసుకున్నది సూడు. గది గొర్లకు విషం. నీకు ఎన్నడో చెప్పాల్సింది, చెప్పలే. ఇప్పుడు మంచిగ జూడు."